మరచెంబు ఇంజను

ముంజులపేట జంక్షన్‌కి ఒకే ఒక్కసారి రైలు టైముకి వచ్చిందట. ఎక్కాల్సినవాళ్లు ఇళ్ల దగ్గర ఇంకా అన్నాలు తింటున్నారు. దిగాల్సినవాళ్లు, ఇంత తొందరగా వచ్చిందంటే ఇది మనూరు అయ్యుండదులే అని సీట్లలోంచి కదల్లేదు. ఒక్కడు ఎక్కలేదు, ఒక్కడు దిగలేదు. జనాన్ని అంత ఇబ్బంది పెట్టామే అని రైల్వేవాళ్లు సిగ్గుపడి మళ్లీ ఆ పని చెయ్యలేదు.

ఆ ఊళ్లో రైల్వే కాలనీ చివర, ఔటర్ సిగ్నల్‌కి కూతవేటు దూరంలో, ఓ పెంకుటింట్లో బొద్దాన ఎర్రయ్య కాపురం. ఆవిరి ఇంజన్లు తోలి రిటైరైన డ్రైవరు. అతను తోలిన ఇంజను పేరు ముసల్ది. దానికి సర్కారువారు వేసిన నెంబరు కూడా ఉండేది గాని, నెంబరు పెట్టి పిలిస్తే పలికేది కాదు. ఎత్తు ఎక్కేటప్పుడు "ఓలమ్మో, ఓలమ్మో" అని మూలిగేది. దాని కూతకి ఓసారి పొలంలో ఈనబోతున్న గేదె ఉలిక్కిపడి కవల దూడల్ని ఈనిందనీ, ఆ రెండు దూడలూ కూత వినబడితే చాలు తల్లి పొదుగు వదిలేసి పట్టాల వైపు చూసేవనీ కాలనీలో ఎవర్నడిగినా చెబుతారు.

ముసల్దానికి ఎడమ పక్క, సరిగ్గా బాయిలరు నడుమ్మీద, ఓ సొట్ట ఉండేది. ఆ సొట్ట ఎర్రయ్య అత్తగారిది. పెళ్లైన కొత్తలో అల్లుడు ఇంజను తోలుకుంటూ తమ ఊరి హాల్టు మీదుగా వస్తున్నాడని తెలిసి, ఆవిడ మరచెంబు నిండా కాఫీ పోసుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడింది. ఎర్రయ్య ఏ ఆలోచనలో ఉన్నాడో, ఆగాల్సిన హాల్టు ఆగకుండా దాటేశాడు. ఆవిడ "ఓరి నీ బండి తగలడ!" అని చెంబు తీసి విసిరింది. ఇంజనుకి సొట్ట పడింది. చెంబుకి గీత పడలేదు, మూత ఊడలేదు, లోపల కాఫీ చల్లారలేదు. తరవాత షెడ్డువాళ్లు పెద్ద సుత్తులేసి కొట్టినా ఆ సొట్ట లేవలేదు.

డీజిలు ఇంజన్లు వచ్చాక ముసల్దాన్ని ముక్కలు కోసి తూకానికి అమ్మేశారు. ఎర్రయ్యను ముక్కలు కొయ్యలేదు, పింఛను ఇచ్చారు. ఆ పింఛను తిని కూర్చోలేక అతను ముసల్దాన్ని మళ్లీ చెయ్యడం మొదలెట్టాడు. మూరెడు పొడుగున, వంటింటి గుమ్మం పక్కన చాపేసుకుని.

తలనొప్పి మందు డబ్బీల మూతలు చక్రాలయ్యాయి. విరిగిన గొడుగు ఊచలు చక్రాల్ని కలిపే కడ్డీలయ్యాయి. పెళ్లాం పైడమ్మ కుంకం భరిణె ఆవిరి గుమ్మటమైంది. ఆమె సున్నపు డబ్బీ పొగగొట్టమైంది. పళ్లు రాలిన దువ్వెన ముందువైపు పశువుల్ని తోసే జల్లెడైంది. తలపిన్నులు పట్టుకుని ఎక్కే కమ్మీలయ్యాయి. రేకు మీద రేకు అతికిన చోటల్లా, తుమ్మజిగురు రాసి, ఒక్కొక్క ఆవగింజా పట్టకారుతో పట్టి వరసగా అంటించాడు. అవి రివిట్లు.

"ఏటి బావా, సారులోకి పోపుకి ఆవాల్నేవు. నీ ఇంజనుకి సూస్తే ఒళ్లంతా ఆవాలే," అంది పైడమ్మ.

"అవి ఆవాలు కావే పైడీ. రివిట్లు."

"అలగా? మరైతే సారులో ఇయ్యాల రివిట్లు నేవు. కళ్లు మూసుకుని తాగీ."

బాయిలరు తప్ప అంతా అయ్యాక ఎర్రయ్య ఇంజనుకి మురికి పట్టించడానికి కూర్చున్నాడు. అసలు పని అదేనంటాడు. "కొత్త ఇంజను ఎవడైనా సేస్తాడు. తోలిన ఇంజను సెయ్యాలి." పొగగొట్టం చుట్టూ మసికి పెళ్లాం కాటుక రాశాడు. తుప్పుకి పసుపులో సున్నం కలిపి పారాణి చేసి, కీళ్ల దగ్గర వేలికొసతో అద్దాడు. నీళ్లు కారి ఎండిన చారలకి ఉప్పునీళ్లు. చక్రాల ఇరుసులకి ఆముదం. మందుబిళ్లల రేకుతో గోరంత అన్నం క్యారేజీ చేసి డ్రైవరు నిలబడే చోట తగిలించాడు.

ఒక్కటే కొరత. బాయిలరుకి తగిన డొల్ల ఎక్కడా దొరకలేదు. దొరికింది ఇంట్లోనే. అత్తగారి మరచెంబు. రాగిది, నిలువు గుండ్రంది, మూత బిగిస్తే అచ్చం ఇంజను మొహం. అత్తగారు పోయాక ఆవిడదంటూ పైడమ్మకి మిగిలింది అదొక్కటే. ఏటా నాగులచవితికి అందులోనే పాలు పోసుకుని, మూత బిగించి, ఔటర్ సిగ్నల్ అవతలున్న పుట్టకి తీసుకెళ్తుంది.

రెండు పూటలు అడిగాక పైడమ్మ ఒప్పుకుంది. "బొక్క ఎట్టకూడదు. సొట్ట ఎట్టకూడదు. నాగులచవితికి నా సెంబు నా సేతిలో ఉండాల. నేదంటే ఇంక ఈ ఇంట్లో నీకు కాఫీ నేదు. అమ్మ తోడు."

సొట్ట పెట్టకూడదన్న దగ్గర ఎర్రయ్య ప్రాణం విలవిల్లాడింది. సొట్ట లేని ముసల్ది ముసల్దెలా అవుతుంది? అయినా నోరు మూసుకుని, చెంబుని ఆవాల రివిట్లు అంటించిన రెండు రేకు పట్టీలతో బిగించి, రెండు మరలు విప్పితే ఊడొచ్చేలా ఏర్పాటు చేశాడు.

పంద్రాగస్టుకి రైల్వే ఇనిస్టిట్యూట్ హాల్లో చేతిపనుల ప్రదర్శన పెట్టారు. ఎంబ్రాయిడరీ నెమలికీ, అగ్గిపుల్లల ఇంటికీ మధ్య ముసల్దాన్ని కూర్చోబెట్టాడు ఎర్రయ్య. అక్కడికి డివిజను వారసత్వాధికారి చిదంబరేశ్వర్రావు గారు దయచేశారు.

ఈ వారసత్వం పిచ్చి ఆ ఏడే పైనుంచి దిగింది. కిందటేడు మొక్కల పిచ్చి. అంతకుముందు, పనికిరాని ఇనుమంతా అమ్మేసి యార్డులు శుభ్రం చేసే పిచ్చి. ఆ పిచ్చిలో పాత ఇంజన్లన్నీ అమ్మేశారు. ఇప్పుడు ప్రతి జంక్షన్లోనూ ఒక ఆవిరి ఇంజను ప్రదర్శనలో ఉండి తీరాలనీ, లేనిచోట అధికారి సంజాయిషీ ఇచ్చుకోవాలనీ ఉత్తర్వు. చిదంబరేశ్వర్రావు గారికి అప్పట్నించీ అన్నం సయించడం లేదు.

ఆయన ముసల్ది ముందు ఆగి, "ఇది ఏమిటి?" అన్నారు.

"ఇంజనండి," అన్నాడు ఎర్రయ్య రొమ్ము విరుచుకుని.

అదే కొంప ముంచింది. "బొమ్మండి" అనుంటే అక్కడితో పోయేది. కాని ముసల్దాన్ని బొమ్మ అనడానికి డ్రైవరుకి నోరెలా వస్తుంది?

చిదంబరేశ్వర్రావు గారి మొహం వెలిగింది. పక్కనున్న స్టేషన్ మాస్టరు జగ్గారావుతో, "విన్నారా? ఇంజను అని సదరు వ్యక్తి స్వయంగా ధ్రువీకరించినాడు. ఉత్తర్వులో ఇంజను ఉండవలెనని ఉన్నది. ఎంత పొడవు ఉండవలెనో లేదు. లేని షరతు మనము విధించుట ఉత్తర్వును ధిక్కరించుటే అగును," అన్నారు.

జగ్గారావు ఏ అధికారితోనూ ఏనాడూ విభేదించనివాడు. "చిత్తం సార్. చిన్నదైతే మాత్రం? మా ఆవిడ నా భుజం దాకా రాదు. ఆవిడ చిన్నదని మా ఇంట్లో అన్నవాడు లేడు."

దండలు పడ్డాయి. ఫోటోలు తీశారు. ముసల్దాన్ని ఒకటో నెంబరు ప్లాట్‌ఫారం మీద, గాజు పెట్టెలో, రెండు చిన్న పట్టాల మీద నిలబెట్టారు. ఆ సాయంత్రం ఎర్రయ్య కాళ్లు నేలమీద లేవు. "ముసల్ది మళ్లీ డ్యూటీలోకి ఎక్కిందే!" అంటూ ఇంటికొచ్చాడు.

"డ్యూటీలోకి ఎక్కితే ఎక్కింది. నాగులసవితికి సెంబు దిగాల," అంది పైడమ్మ.

కొన్నాళ్లకి ఎర్రయ్య, పొగగొట్టం మీద మసి పలచబడిందేమో చూద్దామని, చిటికెడు కాటుక ఆకులో పెట్టుకుని స్టేషన్‌కి వెళ్లాడు. గాజు పెట్టెకి అటొకడూ ఇటొకడూ కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. ఒకడు డ్రైవరు, ఒకడు ఫైర్‌మన్. ఇంజనన్నాక మనుషులు లేకుండా వదలకూడదని నియమం ఉందట. అందుకని మూడు షిఫ్టులకీ మనుషుల్ని వేశారు. చక్రాల కింద చెక్కముక్కలు పెట్టారు. పెట్టె మీద "గరిష్ఠ వేగము" అని బోర్డు కట్టారు. అంకె ఎంత వెయ్యాలో తేలక ఖాళీ వదిలేశారు.

ఎర్రయ్య పెట్టె తలుపు మీద చెయ్యి వేశాడో లేదో డ్రైవరు లేచాడు. "తాతా, తాతా! ఇంజను ముట్టుకోకూడదు. రిటైరైనోళ్లకి పర్మిషన్ లేదు."

"నాను సేసిన ఇంజన్రా ఇది!"

"చేస్తే చేశావు. డ్యూటీలో ఉన్నది మేం."

"ఏటి డ్యూటీ మీది?"

"కదలకుండా చూడ్డం," అన్నాడు డ్రైవరు. "మేం ఎక్కినప్పట్నించీ అంగుళం కదల్లేదు. కావాలంటే రాత్రి షిఫ్టువాళ్లనడుగు." ఆ కుర్రాడి మొహంలో నిజంగానే గర్వం కనబడింది.

ఎర్రయ్య తిన్నగా చిదంబరేశ్వర్రావు గారి ఆఫీసుకి వెళ్లి, బాయిలరు తన పెళ్లాం సొత్తనీ, ఒక్క పూటకి విప్పి ఇచ్చేస్తే మళ్లీ తెచ్చి బిగిస్తాననీ మొరపెట్టుకున్నాడు.

"ఎర్రయ్యా, బాయిలరు లేని ఇంజను ఇంజనే కాదు," అన్నారు ఆయన సానుభూతిగా. "సదరు బాయిలరు తొలగించిన క్షణమున ఈ జంక్షను ఇంజను లేని జంక్షను అగును. అప్పుడు నేను సంజాయిషీ ఇచ్చుకొనవలెను. అయిననూ నీవు మంచి విషయము జ్ఞాపకము చేసితివి. బాయిలరు కడిగినారా?"

కడగలేదు. ఆవిరి ఇంజను బాయిలరు నెలనెలా కడగాలని నియమం. మర్నాడే బోగీలు కడిగే పెద్ద గొట్టం తెచ్చి, నలుగురు పట్టుకుని, ముసల్ది మీద ధారగా కొట్టారు. చెంబులోకి ఎన్ని నీళ్లు వెళ్లాయో గాని కాటుక కారిపోయింది, పారాణి కొట్టుకుపోయింది, తుమ్మజిగురు నానింది. గాజు పెట్టె తలుపేసి తాళం పెట్టారు. వానాకాలం ఉక్క.

వారం తిరక్కుండా ముసల్ది మొలకెత్తింది.

రివిట్లన్నీ మొలకలే. బాయిలరు చుట్టూ పచ్చగా, వరసగా, ఎర్రయ్య ఎక్కడెక్కడ అంటించాడో అక్కడక్కడ, అంగుళం తేడా లేకుండా ఆవమొక్కలు లేచాయి. ప్రయాణికులు బళ్లు దిగి మరీ చూసి వెళ్లారు. ఓ ముసలావిడ ఇంజనుకి పసుపు రాసి దణ్ణం పెట్టుకుంది.

మొక్కలు ఎవరు పీకాలన్న దగ్గర తగువొచ్చింది. పట్టాల మధ్య మొలిచిన కలుపు ఇంజనీరింగ్ వాళ్లది. ఇంజను బాగోగులు మెకానికల్ వాళ్లవి. "ఇంజను మీద మొలిచింది కాబట్టి మీదే," అని ఇంజనీరింగ్ వాళ్లు. "మొక్క ఏనాటికైనా మొక్కే, దానికి చక్రాలుండవు, మీదే," అని మెకానికల్ వాళ్లు. ఇరు శాఖలూ కలిసి తనిఖీ చేసి, వేరు ఇంజను మీద ఉన్నా ఆకు పట్టా మీదికి వంగిందని తేల్చాయి. వేరు మెకానికల్ వాళ్లు పీకాలి, ఆకు ఇంజనీరింగ్ వాళ్లు కొయ్యాలి, రెండూ ఏకకాలంలో జరగాలి. ఈ లోపల కిందటేటి మొక్కల పిచ్చి తాలూకు శాఖ ఇంకా బతికే ఉండటాన, వాళ్లొచ్చి ముసల్దానికి ఆ ఏటి ఉత్తమ తోట బహుమతి ప్రకటించి వెళ్లారు.

పీకుడు సుముహూర్తానికి దీపావళి వెళ్లింది. నాగులచవితికి రోజులు దగ్గరపడ్డాయి. ఆ పొద్దున్న రెండు శాఖలవాళ్లూ వచ్చి, గాజు పెట్టె తలుపు తీసి, ఎవరు ముందు వంగాలన్న దాని మీద వాదించుకుంటుండగా, ప్లాట్‌ఫారం మీద కాపురముండే మేక వచ్చింది. దానికి ఏ శాఖతోనూ సంబంధం లేదు. తలకాయ పెట్టెలోకి పెట్టి, ఆవాకు గుప్పెడు అందుకుని ఒక్క గుంజు గుంజింది. ఆకుతో పాటు ఇంజనూ లేచి, పట్టాల పక్కకి ఒరిగింది.

మేక మిగతాది కూడా మేసింది. తక్కినవాళ్లంతా నిలువునా కొయ్యబారిపోయారు.

ఇంజను చక్రాలు పట్టా దిగితే దాని పేరు పట్టాలు తప్పడం. పట్టాలు తప్పితే సైరన్ మోగించాలి. జగ్గారావు మీట నొక్కాడు. ముంజులపేటలో సైరన్ మోగిందంటే ఎన్ని బోగీలు బోల్తాపడ్డాయో అని కాలనీ కాలనీ పరిగెత్తుకొచ్చింది. ఆస్పత్రి వాళ్లు స్ట్రెచర్లతో వచ్చారు. హెడ్‌క్వార్టర్స్ నుంచి సహాయక రైలు బయల్దేరింది, దాని వెనక పెద్ద క్రేను. దానికి దారివ్వడానికి మెయిళ్లూ ఎక్స్‌ప్రెస్‌లూ ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

క్రేను వచ్చి ప్లాట్‌ఫారం పక్కన నిలబడి మెడ చాచింది. కొక్కేమే దున్నపోతంత ఉంది. కింద మూరెడు ముసల్ది.

"కొక్కేము తగిలించుడు!" అన్నారు చిదంబరేశ్వర్రావు గారు.

"దేనికి తగిలించమంటారు సార్?" అన్నాడు క్రేను మేస్త్రీ.

"ఇంజనుకు!"

"కొక్కేనికి ఇంజను తగిలించొచ్చు సార్. చెవిపోగులా ఉంటది."

అయినా ఆజ్ఞ ఆజ్ఞే. కొక్కెం దిగింది, ఊగింది. జనం మధ్యలోంచి ఎర్రయ్య మడమలెత్తి చూశాడు. "టంగ్!" మని ఒక్క మోత. కొక్కెం పైకి లేచిపోయింది. చివరికి డ్యూటీ డ్రైవరు రెండు చేతులతో ఇంజన్ని ఎత్తి పట్టాల మీద పెడుతుంటే, క్రేను మెడ చాచి చూస్తూ నిలబడింది. "క్రేను సమక్షమున, చేతి సహాయముతో," అని చిదంబరేశ్వర్రావు గారు పైవాళ్లకి ఫోనులో చెప్పారు. క్రేను దేన్నీ తాకలేదని కూడా చెప్పారు.

ఎర్రయ్య మాత్రం జనాన్ని తోసుకుని ముందుకొచ్చి చూశాడు. ఎడమ పక్క. బాయిలరు నడుమ్మీద. సరిగ్గా ఎక్కడుండాలో అక్కడ, ఎంత లోతుండాలో అంత లోతున, సొట్ట.

ఆ క్షణంలో ఎర్రయ్య మొగుడిగా చచ్చాడు, డ్రైవరుగా పుట్టాడు.

ఇంటికొచ్చి మేక సంగతీ, క్రేను సంగతీ చెప్పాడు. సొట్ట సంగతి చెప్పలేదు. పైడమ్మ చిమ్మిలికి నువ్వులు ఏరుకుంటూ అంతా విన్నది.

"మీ ఇంజన్లు ఇలగ పడిపోతే ఎక్కడికి తోలతారు?"

"పట్టాలు తప్పిన ఇంజన్ని సొంత షెడ్డుకి పంపాల. అక్కడ సూసి బాగుందన్నాకే మళ్లీ బయటికి."

"సొంత షెడ్డంటే?"

"ఎక్కడ తయారై ఎక్కడ పుట్టిందో, అదే."

"మరి నీ ముసల్ది ఎక్కడ పుట్టింది బావా?" అంది పైడమ్మ, చేటలోంచి తలెత్తకుండా.

ఎర్రయ్య వంటింటి గుమ్మం వైపు చూశాడు. చాప ఇంకా అక్కడే ఉంది. చెప్పులు కూడా వేసుకోకుండా స్టేషన్‌కి పరిగెత్తాడు.

చిదంబరేశ్వర్రావు గారు సంతోషంతో లేచి నిలబడ్డారు. సొంత షెడ్డు ఏదో తెలియక ఆయన అప్పటికే తల పట్టుకుని ఉన్నారు. "సదరు వంట గది ఇంజనుకు సొంత షెడ్డు అని ఇందుమూలముగా గుర్తించడమైనది. ఇంజన్ని వెంటనే తరలించుడు!"

"సంచిలో పెట్టుకు పోతానండి," అన్నాడు ఎర్రయ్య.

ఆయన కళ్లు ఎర్రబడ్డాయి. "ఇంజన్ని సంచిలోనా? ఇంజను పట్టాల మీదనే పోవలెను!"

అలా ముంజులపేట స్టేషన్ నుంచి ఎర్రయ్య వంటింటికి రైలు మార్గం పడింది. అంత సన్నటి పట్టాలు ఎక్కడా లేకపోతే, వెయిటింగు రూము కిటికీల ఊచలు పీకి పరిచారు. రోడ్డుకి అడ్డం వచ్చినచోట గేటు పెట్టారు. గేటు మాత్రం పెద్ద సైజుదే, ఎందుకంటే చిన్న గేటుకి లారీలు ఆగవు. ఎర్రయ్య పెరట్లో మునగచెట్టుకి సిగ్నల్ కట్టారు. చవితికి ముందురోజుకల్లా పని పూర్తయింది. మామూలుగా ఆ ఊళ్లో కుళాయి వెయ్యడానికి అయిదేళ్లు పడుతుంది.

ఇక షెడ్డుకి ఫోర్‌మన్ కావాలి. చిదంబరేశ్వర్రావు గారు ఇంటికొచ్చి, "వంట గది ఎవరి ఆధీనమున ఉన్నది?" అన్నారు.

"అదేం ప్రశ్నండి?" అన్నాడు ఎర్రయ్య.

అప్పటికప్పుడు పైడమ్మని గౌరవ ఫోర్‌మన్‌గా నియమించి, పచ్చజెండా ఒకటీ ఎర్రజెండా ఒకటీ చేతికిచ్చారు. "అమ్మా, నియమము వినుము. షెడ్డు లోపల ఫోర్‌మన్ మాటే శాసనము. ఫోర్‌మన్ అనుమతి లేనిదే ఎంతటి అధికారియైనను లోపల అడుగు పెట్టరాదు. లోపల ఏ మర విప్పవలెనో, ఏది బిగించవలెనో ఫోర్‌మన్ ఇష్టము."

"ఈ ముక్క మా పెళ్లినాడే ఎవులైనా సెప్పుంటే బాగుణ్ణు బాబూ," అంది పైడమ్మ జెండాలు అందుకుంటూ.

నాగులచవితి పొద్దున్న ముసల్ది బయల్దేరింది. దానికి మోటారు లేదు, ఆవిరి లేదు. కాబట్టి డ్యూటీ డ్రైవరు నడుం వంచి చూపుడు వేలితో వెనక నుంచి తోశాడు. ఫైర్‌మన్ రెండో వైపు వంగి వేలు ఆసరా పెట్టాడు. ముందు ఎర్రజెండా మనిషి, వెనక చిదంబరేశ్వర్రావు గారు, ఆయన వెనక జగ్గారావు, ఆ వెనక బ్యాండు మేళం. గేటు పడింది. రెండు వైపులా బస్సులు ఆగాయి. దారిలో చీమల బారు పట్టా దాటుతుంటే బండి ఆపారు, ఎందుకంటే చీమలకి ఆగమని చెప్పే అధికారం ఎవరికీ లేదు. డ్రైవరు నడుం పట్టేస్తే రిలీఫు డ్రైవర్ని పిలిపించారు. అతను వచ్చేదాకా ఎర్రజెండా మనిషి ఎండలో నిలబడే కునుకు తీశాడు.

ఇంటి దగ్గర పైడమ్మ తలంటి స్నానం చేసి, పచ్చి మంచినీళ్లు ముట్టకుండా కూర్చుంది. గిన్నెలో పాలు, పళ్లెంలో చిమ్మిలి, చలిమిడి. ఎర్రయ్య పెరట్లోకీ గుమ్మంలోకీ కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. చెంబు వస్తోందని ఒక ఆనందం, సొట్టతో వస్తోందని ఒక భయం.

"ఏటి బావా, అలగ తిరుగుతావు? ఏదైనా పాడు సేసేవేటి?"

"నానా? నాను ముట్టుకుంటే కదే పాడు సెయ్యడానికి!" అన్నాడు. అది మటుకు నిజమే.

మధ్యాహ్నం కావస్తుండగా ముసల్ది మునగచెట్టు దగ్గరికి వచ్చింది. పైడమ్మ ఎర్రజెండా చూపించింది.

"ఏమి ఆటంకము?" అని అరిచారు చిదంబరేశ్వర్రావు గారు.

"అలికేను బాబూ. తడి ఆరనీ!"

బండి ఆగింది, మేళం ఆగింది. రైలు ఆపడం తెలిసిన పెళ్లాన్ని చూసి ఎర్రయ్యకి భయంలోనూ ముచ్చటేసింది. నేల ఆరాక పచ్చజెండా ఊగింది. ముసల్ది గడప దగ్గర వేసిన వాలు చెక్కమీదుగా ఎక్కి, వంటింట్లోకి దిగి, పొయ్యి పక్కన ఆగింది. అధికారులంతా గుమ్మం బయటే చెప్పులు విడిచి నిలబడిపోయారు.

పైడమ్మ చాకుమొనతో రెండు మరలూ విప్పింది. పట్టీలు ఊడదీసి చెంబు చేతిలోకి తీసుకుంది. కొంగుతో తుడిచింది. తుడుస్తున్న చెయ్యి ఎడమ పక్క ఆగిపోయింది.

"ఏటిది?" అంది.

జవాబు చిదంబరేశ్వర్రావు గారు చెప్పారు. "అమ్మా, క్రేను దేనినీ తాకలేదని నేను పైకి తెలియజేసి ఉన్నాను. కనుక సదరు పల్లము ప్రమాదము వలన కలిగినది కాజాలదు. మొదటి నుంచీ ఉన్నదే అయి ఉండవలెను. మొదటి నుంచీ ఉన్నదానినే మేము వారసత్వము అందుము."

"నాను నిన్నడగనేదు బాబూ," అంది పైడమ్మ. ఆమె కళ్లు మొగుడి మీదున్నాయి. ఆ కళ్లలో నీళ్లు తిరిగాయి. "సెప్పు. అమ్మ సెంబుకి ఏటైంది?"

ఎర్రయ్య గుమ్మంలోంచే అన్నాడు, తల వంచుకుని. "క్రేను కొట్టీసిందే పైడీ. నాను సూసేను, సెప్పనేకపోనాను." ఆపుకోలేక, మెల్లగా అన్నాడు. "ఎడమ పక్క. బాయిలరు నడుమ్మీద. ముసల్దానికీ సరిగ్గా అక్కడే."

పైడమ్మ బొటనవేలు సొట్టలో పెట్టింది. వేలు అందులో ఒదిగిపోయింది. చెంబు అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఎదురుగా చెంబు లేని ముసల్ది, డొక్క ఊడి, నాలుగు ఆవమొక్కల మోళ్లతో నిలబడి ఉంది. ఉన్నట్టుండి ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని ఎర్రయ్య ఓ అడుగు లోపలికి వేశాడు. ఏడవడం లేదు.

"ఒలమ్మ ఒలమ్మ! అమ్మ విసిరి కొట్టిన సొట్ట ఇన్నేళ్లకి తిరిగొచ్చి అమ్మ సెంబుకే కూకుంది సూడు! నీ ముసల్ది కక్ష తీర్సుకుంది బావా. రైలు కదా, లేటుగా తీర్సుకుంది!"

కడుపు పట్టుకుని నవ్వి, కళ్లొత్తుకుని, చెంబు తోమి, పాలు పోసి మూత బిగించింది. అధికారుల మధ్యనుంచి దారి చేసుకుని పుట్ట వైపు నడిచింది.

"ఫోర్‌మన్ గారూ! బాయిలరు ఎచ్చటికి?" అని కేక వేశారు చిదంబరేశ్వర్రావు గారు.

"కారతందో నేదో సూడ్డానికి!"

సాయంత్రం తిరిగొచ్చాక ఆయన అడిగితే, బొట్టు కూడా కారలేదంది. పరీక్ష తృప్తికరమని పైకి తెలియజేశారు. పై వాళ్లు మెచ్చుకుని, ముంజులపేట ఇంజనుకి వారసత్వ సొట్ట ఉండగా తక్కిన జంక్షన్లకి ఎందుకు లేదని ఆరా తీశారట. ఇప్పుడు ఊరూరా ఎడమ పక్క సుత్తులు మోగుతున్నాయి.

ముసల్ది మళ్లీ బయటికి రాలేదు. బాగైందని ఫోర్‌మన్ చెప్పలేదు కాబట్టి షెడ్డులోనే ఉంది. రిపేరులో ఉన్న ఇంజను కూడా ఇంజనే అని చిదంబరేశ్వర్రావు గారు నిశ్చింతగా ఉన్నారు. ఊళ్లో గేటు రోజూ మధ్యాహ్నం పడుతుంది. ఏ బండి అని బస్సు డ్రైవర్లు అడిగితే, లేటు అని చెబుతారు. ఆ మాట అన్నాక ముంజులపేటలో ఇంక ఎవరూ ఏమీ అడగరు. డ్యూటీ డ్రైవరూ ఫైర్‌మనూ షిఫ్టు తప్పకుండా వచ్చి అరుగు మీద కూర్చుంటారు. ఉత్తినే కూర్చోవడం చూడలేక పైడమ్మ వాళ్ల ముందు చిక్కుడుకాయల చేట పెడుతుంది.

ఇక ఎర్రయ్య. రిటైరైనవాడు షెడ్డులోకి అనుమతి లేనిదే రాకూడదు కదా. అందుకని పొద్దున్నే గ్లాసు పట్టుకుని మునగచెట్టు కింద నిలబడతాడు. లోపల మరచెంబులో కాఫీ ఉంటుంది. పచ్చజెండా ఊగిందా, లోపలికెళ్లి తాగి, ముసల్దాని పక్కన చాప మీద కూర్చుని కాసేపు పారాణి అద్దుకుంటాడు. ఎర్రజెండా కనబడిందంటే, పోపుల పెట్టెలో మళ్లీ ఆవాలు తగ్గాయన్నమాట.